తరుగూ మజూరీ

వేలంలో ధర చెప్పడాన్ని మనవాళ్ళు పాట అన్నారు. ‘ఎంతకు పాడారు’ అంటాం, ‘పాట పైకి పోయింది’ అంటాం. గెలిచినవాడు పాటదారు. ఆ పాటకు రాగం లేదు గానీ తాళం ఉంది: ఒకటోసారి, రెండోసారి, మూడోసారి. వేలంవెర్రి అనే మాటను ఎవరు పుట్టించారో తెలీదు గానీ, ఏదో ఒక వేలంలో వెనక బెంచీ మీద కూర్చుని తమాషా చూసినవాడే అయి ఉంటాడు.

నేను 33 ఏళ్ళు బ్యాంకులో పనిచేశాను. వేలాలు చాలా చూశాను, కొన్ని నేనే నడిపాను. అన్నీ బంగారం తాకట్టు లోన్లవే. గడువు దాటిపోతుంది, నోటీసులు వెళ్తాయి, పేపర్లో ప్రకటన పడుతుంది, చెప్పిన రోజున నలుగురైదుగురు బంగారం షాపుల వాళ్ళు వచ్చి కూర్చుంటారు. మా బ్రాంచి అప్రైజరు కులవృత్తి వదలని మనిషి. ఆయన్ని అందరం ఆచారిగారనే పిలిచేవాళ్ళం. నగ తీసి గీటురాయి మీద గీసేవారు. రాళ్ళ బరువు, లోపలి లక్క బరువు తీసేసి నికర బరువు చెప్పేవారు. నేను రిజిస్టర్లో ఎక్కించేవాణ్ణి. ఒకసారి పాత నక్షీ పని వడ్డాణం ఒకటి వేలానికి వచ్చింది. నడుమ లక్ష్మీదేవి, అటూ ఇటూ హంసలు. ఒక్కొక్క హంస మెడ ఒక్కొక్క తీరున వంగి ఉంది. ఆచారిగారు దాన్ని వేలితో చాలాసేపు తడిమి, “ఈ చెయ్యి ఇప్పుడు లేదు సార్” అన్నారు. అన్నాక మామూలుగానే గ్రాములు, కేరెట్లు చెప్పారు, నేను మామూలుగానే రాశాను. పాడుకున్న షాపతను సాయంత్రానికల్లా ఆ హంసల్ని కరిగించి ముద్ద చేస్తాడని మా ఇద్దరికీ తెలుసు. నగ కొనేటప్పుడు తరుగు, మజూరీ అని లెక్కగట్టి వసూలు చేస్తారు. అమ్మేటప్పుడు ఆ రెండూ గాలికి పోతాయి. బంగారం వేలంలో పనితనానికి విలువ సున్నా. నా ఉద్యోగం నాకు నేర్పిన అర్థశాస్త్రం అంతే.

2018 నవంబరులో నేనూ మా ఆవిడా మా అబ్బాయి దగ్గర ఉన్నాం. షికాగో ఊరి బయట, నేపర్‌విల్‌లో. చలి మొదలైంది, బయటికి వెళ్ళే ధైర్యం లేదు. ఒక రాత్రి వాడు ఫోను చూస్తూ, “నాన్నా, నువ్వు వేలాలు వేసేవాడివి కదా, ఇది చూడు” అన్నాడు. న్యూయార్కులో క్రిస్టీస్ వాళ్ళ వేలం వీడియో. నవంబరు 13న జరిగింది. వరసగా నిలబడి టెలిఫోన్లలో గుసగుసలాడే ఉద్యోగులు, ముందుకు వంగి బతిమాలుతున్నట్టూ బెదిరిస్తున్నట్టూ పాట పెంచే మనిషి, చేతిలో బుల్లి సుత్తి. అమ్ముడైనది ఎడ్వర్డ్ హాపర్ అనే చిత్రకారుడు 1929లో వేసిన ‘చాప్ సూయ్’ అనే నూనెరంగుల బొమ్మ. కమీషన్లతో కలిపి 9 కోట్ల 19 లక్షల డాలర్ల దాకా పలికింది. ఆనాటి మారకంలో సుమారు 660 కోట్ల రూపాయలు.

ఎత్తు 32 అంగుళాలు, వెడల్పు 38. కాన్వాసు గుడ్డ, చట్రం, రంగులు, అంతా కలిపి కొన్ని డాలర్ల ముడిసరుకు. నా వేలాల్లో పనితనం సున్నా, ఈ వేలంలో సరుకు సున్నా. మరి ఆ 660 కోట్లూ మజూరీయేనా అని ఆ రాత్రి నాకు తోచింది. ఆ ప్రశ్న వదల్లేదు. మంచు పడ్డన్నాళ్ళూ కోడలు లైబ్రరీ నుంచి తెచ్చిన పుస్తకాలతో ఆ చిత్రకారుడి లెక్కలు తీస్తూ కూర్చున్నాను.

ముందు బొమ్మ సంగతి. మన హైదరాబాదు, విజయవాడ రెస్టారెంట్ల మెనూల్లో ‘అమెరికన్ చాప్‌సూయ్’ అని ఉంటుంది, కరకరలాడే నూడుల్స్ మీద గుడ్డుతో. చైనావాళ్ళు అమెరికా వెళ్ళి అక్కడివాళ్ళ నాలుకకు తగ్గట్టు మార్చిన వంటకానికి మనం మళ్ళీ మన పోపు పెట్టుకున్నాం. 1920ల న్యూయార్కులో చాప్ సూయ్ హోటళ్ళంటే చవక. మేడ మీద గది, కింద వీధిలోకి వేలాడే దీపాల బోర్డు. ఆఫీసుల్లో టైపు కొట్టే ఆడపిల్లలు మధ్యాహ్నం మగతోడు లేకుండా వెళ్ళి కూర్చోగలిగిన చోటు. హాపర్ దంపతులు కొలంబస్ సర్కిల్ దగ్గర అలాంటి ఒక హోటలుకు వెళ్తుండేవారట. బొమ్మలో ఆ గదే ఉంది. టేబులుకు అటొకామె, ఇటొకామె. మనవైపు చూస్తున్న ఆమె ముఖం పౌడరుతో తెల్లగా, పెదవులు ఎర్రగా, తలకు అంటుకుపోయిన టోపీ, ఒంటిమీద ఆకుపచ్చ స్వెట్టరు. రెండో ఆమె వీపే మనకు కనపడుతుంది. కిటికీ బయట బోర్డులో పేరు సగమే, చివరి అక్షరాలే. టేబులు మీద టీ పాత్ర ఉంది గానీ చాప్ సూయ్ లేదు. ఎవరూ ఏమీ తినడం లేదు. ఎదురెదురుగా కూర్చున్నా మాట్లాడుకుంటున్నట్టు లేరు. కిటికీలోంచి ఎండ వచ్చి టేబులుగుడ్డ మీద పడింది. ఆ గదిలో బాగా మేలుకుని ఉన్నది ఆ ఎండ ఒక్కటే.

ఇంకో సంగతి తెలిశాక ఆ బొమ్మను చూసే తీరు మారిపోయింది. ఆ ఆడవాళ్ళకు మోడల్‌గా కూర్చున్నది ఒక్కతే మనిషి, చిత్రకారుడి భార్య జో. పెళ్ళయ్యాక హాపర్ బొమ్మల్లో కనపడే ఆడవాళ్ళలో దాదాపు అందరికీ ఆమే మోడల్. హోటల్లో, ఆఫీసులో, సినిమా హాల్లో, రైలు పెట్టెలో, మంచం అంచున, ఎక్కడ చూసినా జోనే. ‘చాప్ సూయ్’లో ఆమె తన ఎదురుగా తానే కూర్చుంది.

హాపర్ 1882లో న్యూయార్కుకు ఎగువన హడ్సన్ నది ఒడ్డున నయాక్ అనే ఊళ్ళో పుట్టాడు. ఆరడుగుల ఐదంగుళాల మనిషి, మాట మాత్రం పొట్టి. రాబర్ట్ హెన్రై దగ్గర చదువుకున్నాడు. వీధుల్లోకి వెళ్ళి చుట్టూ ఉన్న బతుకు గీయండని శిష్యుల్ని తరిమిన గురువు ఆయన. శిష్యుల్లో చాలామంది తరిమినట్టే వెళ్ళారు, జనాన్ని గీశారు, సంతలూ బాక్సింగు పోటీలూ గీశారు. హాపర్ కూడా వెళ్ళాడు గానీ జనం ఇంటికి పోయాక వెళ్ళాడు. న్యూయార్కు అంటే మనకు ఆకాశాన్ని గీరే మేడలు, హారన్లు, తొక్కిడి. ఆయన న్యూయార్కు రెండో అంతస్తు దగ్గర ఆగిపోతుంది. 1930 నాటి ‘ఎర్లీ సండే మార్నింగ్’లో ఎర్ర ఇటుకల దుకాణాల వరస, ఒక మంగలి షాపు కంబం, ఒక నీటి పంపు, నేల మీద పొడుగాటి నీడలు. మనిషి లేడు. ముందు ఒక కిటికీలో మనిషిని వేసి తర్వాత రంగు పూసి చెరిపేశాడట. నాకు అది భలే నచ్చింది. ఆ వీధి మేలుకోలేదు అని చెప్పడానికి ఒక మనిషిని ఇంట్లోంచి ఖాళీ చేయించాడు.

స్తంభాల మీద నడిచే పాత రైళ్ళలో రాత్రిపూట తిరగడం ఆయనకు అలవాటు. రైలు రెండో అంతస్తు కిటికీల పక్కనుంచి పోతుంటే దీపాలు వెలిగిన గదులు ఒక్కొక్క క్షణం కనపడి మాయమవుతాయి. 1940 నాటి ‘ఆఫీస్ ఎట్ నైట్’కు ఆ చూపే మూలమని ఆయనే చెప్పాడు. కిటికీల్లోంచి పరాయి ఇళ్ళలోకి చూడటం మర్యాద కాదని మనల్ని పెంచారు. ఆయన ఆ అమర్యాదనే జీవితకాలం చేశాడు. చూడబడిన మనిషికి మాత్రం ఎక్కడా అవమానం జరగదు. ఎంత దగ్గరకు వెళ్ళినా వాళ్ళ మనసులో ఏముందో మనకు అందనివ్వడు.

ఒంటరితనం చిత్రకారుడని అందరూ ఆయనకు ముద్ర వేశారు. ఆయనకది విసుగు. ఆ మాటను అతిగా వాడుతున్నారని అన్నాడు. 2020లో కరోనా వచ్చి ఊళ్ళన్నీ మూతపడినప్పుడు మనమంతా హాపర్ బొమ్మల్లోకి వెళ్ళిపోయామని జనం ఆ బొమ్మల్నే ఫోన్లలో పంపుకున్నారు. నాకూ ఒకటి వచ్చింది. నాకైతే ఆ బొమ్మల్లో వాళ్ళు ఒంటరివాళ్ళుగా అనిపించరు, ఖాళీ దొరికినవాళ్ళుగా అనిపిస్తారు. నలుగురున్న ఇంట్లో పుట్టి, ఆరుగురున్న ఇంట్లో పెరిగి, పెళ్ళిచూపుల్లో కూడా పదిమంది మధ్య కూర్చున్న మన ఆడవాళ్ళలో ఎవర్నైనా అడగండి, ఒక మధ్యాహ్నం ఒక్కతే హోటల్లో కూర్చుని టీ తాగడం దుఃఖమో సుఖమో. మా ఆవిణ్ణి అడిగాను. ‘చాప్ సూయ్’ బొమ్మ చూసి, “హాయిగా కూర్చుంది, నువ్వెందుకు జాలిపడుతున్నావు” అంది.

ఇక లెక్కలు. 1913లో ఆర్మరీ షో అనే పేరుమోసిన ప్రదర్శనలో హాపర్ బొమ్మ మొదటిసారి అమ్ముడైంది. పడవ బొమ్మ, 250 డాలర్లు. తర్వాత పదేళ్ళు ఒక్క చిత్రం కూడా అమ్ముడుపోలేదు. పత్రికలకు బొమ్మలు వేసి బతికాడు, ఆ పనంటే ఒళ్ళుమంట. 1923లో బ్రూక్లిన్ మ్యూజియం ఒక నీటిరంగుల బొమ్మ కొన్నది, 100 డాలర్లకు. ఆ మ్యూజియం తన ప్రదర్శనకు ముందు పిలిచింది జోను. ఆమె అప్పటికే పేరున్న చిత్రకారిణి. ఈయన బొమ్మలు కూడా చూడండని వాళ్ళకు చెప్పింది ఆమే. చూశారు, ఆయన్ని మెచ్చుకున్నారు, ఆయన బొమ్మ కొన్నారు. మరుసటి ఏడాది ఇద్దరూ పెళ్ళి చేసుకున్నారు. ఆ ఏడే ఫ్రాంక్ రెన్ గ్యాలరీలో పెట్టిన ఆయన బొమ్మలన్నీ అమ్ముడైపోయాయి. ఆయనకప్పుడు 42 ఏళ్ళు.

పెళ్ళయ్యాక జో ఇంకో ఉద్యోగం కూడా ఎత్తుకుంది. రిజిస్టరు రాయడం. ఇక్కడే నా ప్రాణం లేచి వచ్చింది. మామూలు దుకాణంలో దొరికే లెక్కల పుస్తకాలు. స్టూడియోలోంచి ఒక బొమ్మ బయటికి వెళ్తున్నప్పుడు హాపర్ అందులో దాని చిన్న నకలు గీసేవాడు. పక్కనే జో తన చేతిరాతతో వివరం రాసేది: తేదీ, రంగులు, ఎవరు కొన్నారు, ఎంతకు, అందులో గ్యాలరీకి పోయే మూడో వంతు ఎంత. ఆ పుస్తకాలు ఇప్పుడు విట్నీ మ్యూజియంలో ఉన్నాయి. 1942 జనవరిలో పూర్తయిన ‘నైట్‌హాక్స్’ అనే రాత్రి హోటలు బొమ్మ గురించి ఆమె రాసినది చదివితే ఏ విమర్శకుడూ అంత చూడలేదనిపిస్తుంది. గల్లా బల్ల ఏ చెక్కదో రాసింది, గోడ పలకల పచ్చదనం ఎలాంటిదో రాసింది. కూర్చున్నవాడి చొక్కా నీలం అని రాసి, శుభ్రంగా ఉందని కూడా రాసింది.

నేను రాసిన రిజిస్టర్లు గుర్తొచ్చాయి. వడ్డాణం ఒకటి, స్థూల బరువు ఇంత, నికర బరువు ఇంత. హంసల మెడలు ఎలా వంగాయో నేను రాయలేదు. ఆ గడి మా రిజిస్టర్లో లేదు. జో రిజిస్టర్లో ఒకే పేజీ మీద పనితనమూ ఉంది, దానికి వచ్చిన పైకమూ ఉంది. క్రిస్టీస్ వాళ్ళు నున్నటి కాగితం మీద అచ్చువేసే కేటలాగుల్లో వ్యాసాలు చాలా ఉంటాయి. ఆ నీలం చొక్కా శుభ్రంగా ఉందనే ఒక్క మాట నాకు వాటన్నిటికన్నా విలువైనది.

జో రాసిన లెక్క ప్రకారం ‘నైట్‌హాక్స్’ను షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ ఆ ఏడాదే 3,000 డాలర్లకు కొన్నది, మూడో వంతు గ్యాలరీది. ఇవాళ్టి లెక్కకు మార్చినా 50 వేల డాలర్ల పైమాటే, అంతకన్నా పెద్దగా పోదు. ఆ డబ్బు మజూరీ. చేసినవాడి చేతికి ముట్టింది. మిగతా కోట్లన్నీ ఇంకేదో.

ఆ ఇంకేదో ఏమిటని బ్యాంకువాడి బుర్రతో ఆలోచిస్తే చాలావరకు విడిపోతుంది. హాపర్ చాలా నెమ్మదైన పనివాడు. జీవితం మొత్తంలో వేసిన నూనెరంగుల చిత్రాలు 366 అని జాబితా వేశారు. చివరి రోజుల్లో ఏడాదికి రెండు దాటేవి కావు. బొమ్మ తోచక నెలల తరబడి కిటికీ దగ్గర కూర్చునేవాడు. వేసినవాటిని మ్యూజియాలు తొందరగానే కొనేశాయి. 1930లో న్యూయార్కు ఆధునిక కళా మ్యూజియం తన సేకరణకు మొట్టమొదట చేర్చుకున్న చిత్రం ఆయనదే, రైలు పట్టాల పక్కన ఒక పాత ఇల్లు. ఇంట్లో మిగిలిన 3,000కు పైగా చిత్రాలు, గీతలు, అచ్చులు అన్నీ జో విట్నీ మ్యూజియానికి రాసేసింది. అంటే బజారుకు రావడానికి సరుకు లేదు. మ్యూజియంలోకి వెళ్ళినది సాధారణంగా తిరిగి రాదు. కాబట్టి ఏ పదేళ్ళకో ఒక మంచి హాపర్ వేలానికి వచ్చిందంటే ప్రపంచంలో డబ్బు నిలవ ఉన్న వాళ్ళందరికీ అదే అవకాశం. 2006లో సదబీస్‌ వేలంలో ‘హోటల్ విండో’ 2 కోట్ల 69 లక్షల డాలర్లు పలికింది. 2013లో ఇంకో చిత్రం 4 కోట్లు దాటింది. ఒకసారి పలికిన ధర మరుసటి వేలానికి మెట్టు అవుతుంది. ఇందులో కళ పాత్ర లేదని అనను. కానీ బియ్యం కరువులో బియ్యం రుచి పెరగదు, ధర పెరుగుతుంది.

ఆ 2013 బొమ్మ కథ చెప్పకుండా ఉండలేను. పేరు ‘ఈస్ట్ విండ్ ఓవర్ వీహాకెన్’. 1934లో, అమెరికా ఆర్థిక మాంద్యంలో కూరుకుపోయి ఉన్నప్పుడు వేశాడు. వీహాకెన్ న్యూయార్కుకు ఎదుటి ఒడ్డున, న్యూజెర్సీలో ఉంది. మబ్బు పట్టిన వీధి, దిగాలుగా నిలబడ్డ ఇళ్ళు, ఒక ఇంటి ముందు పచ్చికలో ‘అమ్మబడును’ అనే బోర్డు. ఈ బొమ్మను పెన్సిల్వేనియా ఆర్ట్ అకాడమీ 1952లో కొని తన దగ్గర ఉంచుకుంది. కొత్త కళాకృతులు కొనడానికి నిధి కావాలని 2013లో దీన్ని క్రిస్టీస్‌కు పంపింది. రెండు కోట్ల ఇరవై లక్షల నుంచి రెండు కోట్ల ఎనభై లక్షల డాలర్ల దాకా వస్తుందనుకున్నారు. వచ్చింది 4 కోట్ల 5 లక్షల దాకా. బొమ్మలోనే అమ్మకం బోర్డు పెట్టిపోయిన చిత్రకారుడికి ముందుచూపు ఉందనుకోవాలి. ఆ అమ్మకాన్ని తప్పు పట్టేవాళ్ళు పట్టారు, సమర్థించేవాళ్ళు సమర్థించారు. నేను మాత్రం తాకట్టు నగలు విడిపించుకోలేకపోయిన కుటుంబాల్ని చూసినవాణ్ణి. ఎవరైనా అవసరానికి అమ్మారంటే నాకు కోపం రాదు, అమ్మిన తర్వాత ఆ వస్తువు ఎక్కడికి పోయిందనేదే అడుగుతాను.

చేసినవాడికి ఏమీ రాలేదే అని మొదట నాకూ అన్యాయంగా తోచింది. ఈ ఫిర్యాదు కొత్తది కాదు. 1973లో న్యూయార్కులో రాబర్ట్ స్కల్ అనే సేకర్త తన బొమ్మల్ని వేలం వేస్తే, రాబర్ట్ రౌషెన్‌బర్గ్ అనే చిత్రకారుడు వేసిన బొమ్మ 85,000 డాలర్లకు పోయింది. స్కల్ దాన్ని కొన్నది 900కు. వేలం అయ్యాక రౌషెన్‌బర్గ్ వెళ్ళి అతణ్ణి తోసి మరీ దెబ్బలాడాడు. మళ్ళీ అమ్మినప్పుడు చేసినవాడికి వాటా ఇచ్చే చట్టం ఫ్రాన్సులో 1920 నుంచీ ఉంది. మన కాపీరైట్ చట్టంలోనూ 53ఏ అనే సెక్షను ఉంది: పదివేల రూపాయలు దాటిన మారు అమ్మకంలో కళాకారుడికో వారసులకో పది శాతానికి మించకుండా వాటా రావచ్చు. ఎంతమంది అడిగి తీసుకున్నారో గానీ కాగితం మీద ఉంది. అయినా హాపర్ విషయంలో ఈ కోపం ఎవరి తరపున పడాలి? ఆయనకు పిల్లల్లేరు. న్యూయార్కులో 1913 నుంచి చనిపోయేదాకా వాషింగ్టన్ స్క్వేర్‌లో పై అంతస్తు అద్దె వాటాలోనే ఉన్నాడు. 74 మెట్లు. పొయ్యిలోకి బొగ్గు ముసలితనంలో కూడా కిందినుంచి తానే మోసుకొచ్చుకునేవాడు. స్థలం మీద హక్కు సంపాదించిన విశ్వవిద్యాలయం ఖాళీ చేయమంటే చేయనని పోరాడి అక్కడే ఉండిపోయాడు. డబ్బు రావడం మొదలయ్యాక కూడా ఆ ఊళ్ళో ఆ మెట్లు దిగి ఇంకో మంచి ఇంటికి మారలేదు. 660 కోట్లు ఇచ్చినా ఆయన చేసేది బహుశా ఇంకో కాన్వాసు ముందు నెల రోజులు ఊరికే కూర్చోవడమే.

అన్యాయం అంటే నాకు తోచేది వేరే ఉంది. 1967లో ఆయన పోయాడు, పది నెలలకు జో పోయింది. ఆయన బొమ్మలతో పాటు తన సొంత బొమ్మల్ని కూడా ఆమె మ్యూజియానికే రాసింది. ఆయనవి దాచారు. ఆమెవి చాలావరకు ఉంచుకోలేదు, అక్కడికీ ఇక్కడికీ ఇచ్చేశారు, ఎన్నిటి జాడో తెలియదు. మొదట పిలుపు అందుకున్నది ఆమె, ఆయన పేరు చెప్పింది ఆమె, బొమ్మలో కూర్చున్నది ఆమె, లెక్క రాసింది ఆమె. 1929 నాటి ఆ హోటల్లో ఆమె ముఖం 660 కోట్లు పలికింది, ఆమె చేతి పని సున్నా పలికింది. ఆచారిగారు తడిమిన వడ్డాణం సంగతే అది.

‘చాప్ సూయ్’కి తిరిగి వస్తాను. దాన్ని 1973లో బార్నీ ఎబ్స్‌వర్త్ అనే వ్యాపారి కొన్నాడు. రౌషెన్‌బర్గ్ తోపులాట జరిగిన ఏడే. 2007లో తన చిత్రాలు కొన్నింటిని సియాటిల్ ఆర్ట్ మ్యూజియానికి ఇస్తానని ఆయన మాట ఇచ్చాడు, అందులో ఇదీ ఉంది. 2018 ఏప్రిల్‌లో ఆయన పోయాడు. నవంబరులో బొమ్మ వేలం గదిలో ఉంది. మాట ఎలా మారింది, కాగితాల్లో ఏముంది అనేది వాళ్ళ లాయర్లకు తెలియాలి. ఆ వేలంలో కొన్నదెవరో ప్రకటించలేదు. మేడమీది చవక హోటల్లో ఎవరైనా వచ్చి కూర్చోగలిగిన ఆ టేబులు ఇప్పుడు ఎవరి ఇంట్లోనో ఉంది. యజమాని దయ తలచి ఏ ప్రదర్శనకో పంపితే చూడాలి, లేకపోతే లేదు.

3,000 డాలర్లకు పోయిన బొమ్మ మాత్రం మా అబ్బాయి ఇంటి నుంచి గంట దూరంలో ఉంది. డిసెంబరులో ఒక శనివారం ఎండ కాసింది. రైలెక్కి షికాగో వెళ్ళాం. మిషిగన్ అవెన్యూ మీద రెండు కంచు సింహాల మధ్య నుంచి మెట్లెక్కితే మ్యూజియం. ‘నైట్‌హాక్స్’ ముందు జనం ఉన్నారు. అయిదడుగుల వెడల్పు ఉంటుంది, నేననుకున్నదానికన్నా పెద్దది. గ్రెనిచ్ అవెన్యూ మీద రెండు వీధులు కలిసే చోట ఉన్న ఒక హోటలు చూసి వేశానని ఆయన చెప్పాడు. రాత్రి. మూల మీద గాజు గోడల హోటలు, లోపల నలుగురు, బయట ఖాళీ వీధి. తెల్ల టోపీ కుర్రాడు వంగి ఏదో అందుకుంటున్నాడు. ఎర్ర జాకెట్టు ఆవిడ, మళ్ళీ జోనే. పక్కన డేగముక్కు మనిషి. వెళ్ళి చొక్కా చూశాను. నీలమే. శుభ్రంగానే ఉంది.

మా ముందు ఒక బడిపిల్లల గుంపు నేల మీద కూర్చుని ఉంది. టీచరు ఏదో అడుగుతోంది, పిల్లలు చేతులెత్తుతున్నారు. చెయ్యెత్తితే ధర పెరగని చోట చేతులు అంత జోరుగా లేవడం చూసి నాకు నవ్వొచ్చింది. మా ఆవిడ బెంచీ మీద కూర్చుని చాలాసేపు చూసింది. మేం అరగంట ఉన్నాం, ఎవరూ వెళ్ళమనలేదు.

మీ పిల్లలు ఆ చుట్టుపక్కల ఎక్కడైనా ఉంటే, మాల్‌కూ గుడికీ తీసుకెళ్ళే శనివారాల్లో ఒకటి ఆపి, సెలవు రోజు కాదని చూసుకుని, అక్కడికి తీసుకెళ్ళమనండి. బొమ్మ ముందు నిలబడ్డాక ఒక పని చేయండి. ఆ హోటల్లోకి వీధిలోంచి వెళ్ళే తలుపు ఎక్కడుందో వెతకండి. నేనూ మా ఆవిడా వెతికాం. మాకు కనపడలేదు.